గమ్మున

ఆ పొద్దు పప్పులో ఉప్పు పడలేదు.
నువ్వు తిన్నావు, బాగుందన్నావు.
బాగుందన్నాక ఉప్పు డబ్బా ఎట్లా తెరిచేది,
నేనూ అట్లే తినేశాను.

కొర్లగుంటలో మన పోర్షన్ గోడలు పల్చన.
పక్కింట్లో మునెమ్మక్క, చెంగల్రాయన్న
చింతపండు కాడ మొదలుపెట్టి
వాళ్ల పెండ్లిలో తక్కువైన వడల దాకా పోతారు.
గిన్నె ఎగిరిన సద్దు. పిల్లి పరుగు.
"గమ్మునుండవయ్యా!" అని ఆమె అరుపు.
అరగంటకంతా ఆయన,
"ఏమ్మే, ఇంగొంచెం రసం పొయ్యి."
మనం దిండ్ల మీద నుంచి చూసుకొని నవ్వుకుంటాం,
మనకిట్లాంటివేం లేవని.

నిజమే, లేవు.
గమ్మునుండమని మనకెవరూ చెప్పే పనిలేదు.
రేణిగుంటలో నైట్ షిఫ్టు మార్చుకుంటానన్నావు, మార్చుకోలేదు.
సరేలే అన్నాను.
మా చెల్లెలి సీమంతానికి
పలమనేరు ఒక్కదాన్నే పోయొచ్చాను.
"ఏమన్నా అనుకున్నావా?"
"ఛ, ఏం లేదు."
ఆ ఏంలేదులన్నీ ఎక్కడికి పోతాయి?
తలుపు వెనక గుడ్డసంచిలో కూరుతా వచ్చినట్టున్నాం,
కొక్కెం వంగిపోయింది.
రోజూ ఇద్దరం చూస్తానే ఉన్నాం.

ల్యాబులో రక్తం గొట్టాలు గిర్రున తిరిగే పది నిమిషాల్లో
నీకు రాస్తాను. పొడుగ్గా.
చదువుకొని, చెరిపేసి,
"తిన్నావా" అని పంపుతాను.
"ఆ. నువ్వు?"

శనివారం రాయలచెరువు రోడ్డు గేటు పడింది.
గూడ్సు. యాభై తొమ్మిదో అరవయ్యో పెట్టెలు.
నీ వీపు వెనక, ఆ మోతలో,
"నీ పక్కనే ఉండి కూడా నాకు ఒంటరిగా ఉంది" అన్నాను.
ఈ గొంతు నాదేనా అనిపించేంత గట్టిగా.
అప్పుడు చూశాను, బండి అద్దంలో
నీ పెదాలూ కదులుతా ఉన్నాయి.
పాట కాదు.
పాటకు కనుబొమ్మలు అట్లా ముడిపడవు.

ఆఖరి పెట్టె పోయింది.
"ఏమన్నా అన్నావా?"
ఇద్దరం ఒకేసారి.
వెనక ఆటో హారన్. జామకాయలామె తట్ట ఎత్తుకొని జరిగింది.
గేటు లేచింది.

ఈ సాయంత్రం
బ్రిడ్జి కింద నుంచి పోతే ఐదు నిమిషాలు కలిసొస్తుంది.
మలుపు కాడ బండి నిదానం చేసి,
తల తిప్పకుండా,
"గేటు మీదుగా పోదామా" అన్నావు.

సరేలే అని నోటి దాకా వచ్చింది.
"మునిశేఖరూ, ఆ పొద్దు పప్పులో ఉప్పు లేదు" అన్నాను.

నీ వీపు బిగుసుకుంది.
రైలుకు ఇంకా టైముంది.