పొగమబ్బు రంగు

చిలోయే దీవిలో వాన పడని రోజు
జనం ఒకరినొకరు కాస్త అనుమానంగా చూసుకుంటారు.
అలాంటి రోజే వచ్చాడు ఎలియోదోరో,
చంకలో గంప, గంపలో గోల.

"నీలిపెట్టనీ నీలిపుంజునీ కళ్ళారా చూసే కదా
డజను గుడ్లు కొన్నాను, రోసమీరా!
మరి ఇవేంటి?"

పొయ్యి ముందు చెక్కనేల మీద గంప వంచాడు.
నెలన్నర పిల్లలు, పదకొండు.
పన్నెండో గుడ్డు మురిగిపోయిందేమో, దాని ఊసెత్తలేదు.
ఆరింటికి తెల్లవారుజాము సముద్రం రంగు,
అమ్మ పొగమబ్బు అనే రంగు.
మూడు అచ్చం కాకులు.
రెండేమో మాసిన తెలుపు,
కలం విదిలిస్తే సిరా పడ్డట్టు
రెక్క మీదో చుక్క, మెడ మీదో చుక్క.

"గోడ దూకొచ్చిన పుంజు ఎవరిది?"

కోడి గురించే అడిగాడు.
అయినా దుంపల పిండిలో అమ్మ చెయ్యి ఆగిపోయింది.

ముప్పై నాలుగేళ్ళ కిందట ఈ రేవులో
ఇదే ప్రశ్న, ఇదే గొంతు.
అప్పుడది నా జుట్టు గురించి.
నల్లజుట్టు అమ్మకీ నల్లజుట్టు నాన్నకీ
ఇటుకపొడి రంగు నేను.
నాన్న ఎన్నడూ అడగలేదు.
నా జడ వైపు చూడకుండా భోంచేశాడు,
బతికినన్నాళ్ళూ.

అమ్మ చేతులు తుడుచుకుంది.
"నీలానికి నీలాన్ని జతచేస్తే
దాచుకున్నవన్నీ బయటపెడతాయి.
నీకు పనికిరానివే ఉంచుకో.
ఆ నల్లపెట్ట మీదికి ఈ చుక్కలపుంజుని వదులు.
ఒక్కటి వేరే రంగు పుట్టినా
నా పొయ్యి పీక్కుపో."

మరుసటేడు వచ్చాడు, టోపీ అంచున వాన కారుతుంటే.
గంపలో పంతొమ్మిది.
పంతొమ్మిదీ పొగమబ్బే.
క్షమించమని నోటితో అనలేదు,
ఎండుచేపల కట్ట ఒకటి బల్ల మీద పెట్టి
నా తల వైపు చూశాడు,
తర్వాత తలుపు వైపు.

ఆ రాత్రి అమ్మ నా జుట్టు దువ్వింది,
నా చిన్నప్పుడు కూడా అంత నెమ్మదిగా దువ్వలేదు.
"ఇటో చుక్క, అటో చుక్క దాగుండాలి.
ఒక్కవైపు ఉంటే చాలదు," అంది.
కోళ్ళ గురించో, కాదో.

"నాన్నకి చెప్పాల్సింది."
"కోళ్ళు నాకు చెప్పేసరికి ఆయన లేడే!"

దువ్వెనలో చిక్కిన ఎర్ర వెంట్రుకని
ఎప్పట్లా పొయ్యిలో వెయ్యలేదు.
వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.