తడ కట్టె

బైర్లూటి దాటినాక దారి వదిలేసి గుట్టెక్కాం.
ముందు బయన్న, వెనక నేను,
నా సంచిలో కేసుల పుస్తకం.
ఎవరు ఏ చెట్టు కొడతారో చూసి రాయమని రేంజరు హుకుం.
అది తెలిసే నన్ను తోడు రమ్మన్నాడు బయన్న.

"బరువు విల్లు గావాల సారూ.
మా చెల్లెలి కొడుకు అంకడు ఎదిగినాడు,
వెదురుది వానికి పుల్లతో సమానం."

మొదటి తడ చెట్టు నా కంటికి నిటారుగానే ఉంది.
బయన్న బెరడు మీద పగుళ్ళు చూపించాడు,
పేనిన తాడులా మెలి తిరిగి ఉన్నాయి.
"పైతోలు ఎట్ల తిరిగితే లోపలి నరం అట్ల తిరుగుతాది.
గుంజితే పక్కకు మల్లుకుంటాది,
అబద్ధం చెప్పేటోని మెడ మాదిరి."

రెండోది వాగు పక్కది. గోరు గుచ్చి వదిలేశాడు.
"నీళ్ళు తాగి బలిసింది. మనకు
రాళ్ళల్లో ఆకలికి పెరిగింది గావాల."

మూడోదానికి కొమ్మ రాలిన మచ్చ, కన్నంత.
నాలుగోదాన్ని గొడ్డలి మడమతో తట్టి, చెవి ఆనించి,
ఊరికే నడిచిపోయాడు.
అడిగితే "పలకలా" అన్నాడు.

నాకు చెట్టంటే చుట్టుకొలత, నంబరు, ఎర్ర రంగు గీత.
పదకొండేళ్ళుగా ఈ అడవిని కూడికలు వేస్తున్నాను.

పొద్దు వాలాక, బండల నడుమ,
పడమటి గాలి ఏళ్ళ తరబడి తోస్తే
తూర్పుకి కాస్త వంగిన చెట్టు.
తొడంత లావు. ఒక్క ముడి లేదు.
గాలి తగిలే వైపు వీపట, నీడ వైపు కడుపట.
బయన్న వీపు నిమిరాడు.
"దీనికి వంగేది ముందే తెల్సు,
మనం నేర్పే పని తక్కువ."

కడుపు మీద నా రాతే ఉంది: రెండువందల పద్నాలుగు.

పుస్తకం తీశాను. పెన్ను తీశాను.
బయన్న గొడ్డలి కింద పెట్టి
బండ మీద కూర్చుని వక్క కొరుక్కున్నాడు,
నా పని అయ్యేదాకా తన పని లేదన్నట్టు.
వక్క అరిగిపోయేంత సేపు.
ఆ నంబరు ఎదుట రాశాను:
గాలికి పడింది.

ఏడాది పాటు ఆ కట్టె పొయ్యి పైన పొగలో ఎండింది,
రెండు కొనలకీ తేనెమైనం పూసుకుని.
అంకడు దాన్ని చెవిదాకా లాగాడు.
నా చేతికిస్తే జానెడు కదిలింది.
గూడెం ఆడవాళ్ళంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

మళ్ళీ అంకడే తీసుకుని
ఎండు మోడు మీదికి వదిలాడు.
బాణం ఎటు పోయిందో నేను చూడలేదు.
పక్కనే నిలబడ్డ నా చెంపకి
చల్లగా ఏదో తగిలిపోయింది,
ఆ రోజు నేను పుస్తకంలో రాసిన గాలి.