కుట్టు పక్క పన్ను

సాల్మియాలో తొమ్మిదో అంతస్తు. రాత్రి ఎనిమిది.
దానా స్టూలెక్కి నోరు తెరుస్తుంది
నాకొక్కదానికే.

పై పెదవి మీద సన్నటి కుట్టుగీత.
బిగదీసి కట్టిన గుడ్డలా పెదవి లేవదు,
పెద్ద బ్రష్ దూరదు.
గీత వెనకాల ఒక పన్ను
గోడకు మొహం పెట్టి అలిగిన పిల్లలా
అడ్డం తిరిగి ఉంటుంది.
తిన్నదంతా చేరేది అక్కడికే:
ఖర్జూరం పీచు, బిస్కెట్టు ముద్ద,
నిద్రమత్తులో తాగిన పాలు.

డాక్టరమ్మ అదే వేలు పెట్టి చూపించింది మామాకి.
(మామా అంటే ఇక్కడ ఇంటావిడ. మా ఊళ్ళో చెబితే నవ్వుతారు.)
అరబ్బీ నాకు సగమే అర్థమైంది.
మిగతా సగం నా నాలుకకు ముందే తెలుసు.

నాదీ గ్రహణమొర్రే.
మా అమ్మ గ్రహణం పూట వంకాయ తరిగిందని
రాయచోటిలో మా వీధంతా తీర్పు చెప్పింది.
తొమ్మిదో ఏట ఎవరో క్యాంపు పెట్టి పెదవి కుట్టారు.
పెదవి గురించి అందరూ మాట్లాడారు,
పన్ను గురించి ఎవరూ చెప్పలేదు.
వేపపుల్ల ఆ మూలకు పోదు. నేనూ పోనివ్వలేదు,
కుట్టు విడిపోతుందని భయం.
నల్లచుక్క అయింది. గుంత అయింది.
లవంగం నూనెకు లొంగని ఒక రాత్రి
చెంప కింద వేడి ఇటుకముక్క పెట్టుకొని తెల్లార్చాను.
పీకేశారు. దాని పక్కదీ.

పాస్‌పోర్టు ఫోటో దగ్గర ఏజెంటు
"నోరు మూసుకో ఓబులమ్మా" అన్నాడు.
మూసుకునే వచ్చాను.

ఇక్కడ మొదటి రోజు
ఈ పిల్ల నా పెదవి చూసి
తన పెదవి తడుముకొని
ఏమీ అనకుండా వచ్చి పక్కన కూచుంది.

ఇప్పుడు చిటికెన వేలంత బ్రష్.
పెదవిని ఇట్లా పైకెత్తి,
కుట్టుకు ఒక మాట చెప్పి,
అడ్డం పన్ను వీపు మీద మెల్లగా,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.
ఒక్కోసారి ఏడుస్తుంది. నా చేతి మీదే ఉమ్ముతుంది.

పోయిన వారం చిగురు అంచున సుద్దలాంటి మచ్చ కనబడింది.
మామాకి చెప్పబోతే మాటలు చాలలేదు.
నా నోరే తెరిచి చూపించాను,
ఇట్లా అవుతుంది, అని.
నాలుగేళ్ళలో ఆమె నా నోట్లోకి చూడటం అదే మొదలు.
కాసేపు పలకలేదు.
తర్వాత క్లినిక్‌కి ఫోన్ చేసింది.

పడుకునే ముందు దానా
నా పండ్లు లెక్కపెడుతుంది.
వాహద్, ఇత్నేన్, తలాతా...
సందు దగ్గర వేలు ఆపి,
దాన్నీ ఒకటని లెక్కేసుకొని
ముందుకు పోతుంది.