ఎడమకి చూసే కొంగ

నిన్న నూటపన్నెండు మంది వచ్చారు.
రియాద్ నుంచి, షార్జా నుంచి,
నా నోరు తిరగని ఊళ్ళ నుంచి.
దువ్వెన మీద వేలు ఆన్చారు,
పిడి మీది కొంగని పెద్దది చేసి చూశారు,
వెళ్ళిపోయారు.
కొన్నది ఒక్కరు.
ఆ ఒక్కరూ మధ్యాహ్నానికి వద్దనుకున్నారు.

పర్లాకిమిడి, కోట వెనక సందు, మేడ మీద గది.
కింద బోర్డు ఒరియా, బేరం తెలుగు, బిల్లు ఇంగ్లీషు.
ఫోనుకి అందే టవరు ఏటి అవతల పాతపట్నానిది.
వీటన్నిటి మధ్యకి ఇంకో భాష
కుడి గోడ పట్టుకుని ఎడమకి నడుస్తూ వచ్చింది.

"కన్వర్షన్ ఎంతొచ్చింది?"
పెట్టుబడి పెట్టిన బెహరా బాబు
రోజూ రాత్రి తొమ్మిదికి అడుగుతాడు.
అన్నం చెయ్యి కడుక్కోకుండానే
నేను సున్నాని ఎన్ని రకాలుగా చెప్పొచ్చో వెతుక్కుంటాను.

చివరికి జిలానీ మాస్టారిని మేడెక్కించాను.
జుబైల్‌లో పదకొండేళ్ళు లారీ తోలి
ఇప్పుడు బస్టాండు పక్కన జాకెట్లు కుడుతున్న మనిషి.
మెడలో టేపు తియ్యకుండానే తెర మీదికి వంగి
గట్టిగా చదివి, కుర్చీ పట్టుకుని నవ్వాడు.
"ఏటమ్మా ఇది? శతాబ్దపు దువ్వెనంట!"

వాళ్ళ మాటలో కొమ్మూ కర్నే, నూరేళ్ళూ కర్నే.
యంత్రం నూరేళ్ళకి మొగ్గింది.
ఇరవై ఏళ్ళు బతికే గేదెకి
మేం తెలియకుండా ఆయుష్షు పోసేశాం.

"ఈ బొత్తాం చూడు, కొనరా అంటంది.
దువ్వెన కొనేది ఆడోళ్ళు కదేటి?"
రా, వే రెండూ తీసేసి
ఉత్త 'కొనుగోలు' అని పెట్టించాడు.
ధర దగ్గర నాకు కనిపించింది ఒక సున్నా, ఒక చుక్క.
ఆ సున్నాయే అయిదంట, ఆ చుక్కే సున్నా అంట.
ఇన్నాళ్ళూ నేను భయపడ్డది యాభైని చూసి!

పిన్‌కోడు గడి ఖాళీగా వదిలితే
మా పేజీ ఎర్రబడి గసిరేది.
"నాకే తెలీదు, పదకొండేళ్ళున్నాను.
మసీదు దాటాక నీలం గేటు అని రాసేవోళ్ళం.
ఉత్తరం వచ్చేసేది."
గడి పీకేశాను.

పేజీ మొత్తం అటుదిటు తిప్పాను.
బుట్ట ఎడమ మూలకి పోయింది, బాణాలు మళ్ళాయి.
కొంగ మాత్రం తిరగలేదు.
మాటలకి వీపు పెట్టి
తెర అంచు దాటి బయటికి చూస్తోంది.
అది చూసిన వైపే జనం పోతున్నారు.

ఒక్క నొక్కు నొక్కి కొంగని తిప్పేశాను.

లోకనాథం మహారాణా ఫోను దూరంగా పట్టుకుని
చాలాసేపు చూశాడు.
"ఇది నాను చెక్కింది కాదు."
ఫొటో తిప్పాను తాతా, అంతే.
"ఫొటో తిప్పితే పెట్టెలో కొంగ తిరుగుతాదేటి?"

ఆయన కొంగ కుడికే చూస్తుంది, కుడి కొమ్ము ఒంపు అలాంటిది.
ఎడమ కొమ్ములు మూల గోనెలో పడి ఉంటాయి,
కర్రల పిడులకి.
ఆ గోనె విప్పాడు.
నలభై ఏళ్ళుగా ఒకే దారికి అలవాటైన ఉలి
రెండు కొంగల్ని మెడ దగ్గర విరగ్గొట్టింది,
బొటనవేలు ఒకసారి కోసింది.
మూడోది నిలబడింది.
కన్ను కాస్త కిందికి దిగింది.
ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టు.
నేను అదే ఫొటో తీశాను.

వారం తిరిగేసరికి నూటికి నలుగురు.
బెహరా బాబు తొమ్మిదింటికి కాదు,
ఎనిమిదిన్నరకే ఫోను చేశాడు.

తబూక్ నుంచి ఒకావిడ నాలుగు వరుసలు రాసింది.
జిలానీ మాస్టారు సూది నోట్లో పెట్టుకుని చదివాడు:
దువ్వెన బాగుంది. నాది ఎడమచేతి వాటం.
అద్దంలో కొంగ నాకు మొహం తిప్పేస్తోంది.
అటు చూసేది ఉంటే పంపుతారా?

ఎలా చెప్పాలా అని కొమ్ముల షెడ్డుకి వెళ్ళాను.
విని మహారాణా తాత ఏమీ అనలేదు.
కట్టు కట్టిన వేలితో
గోనె మూతి బిగించి, మూలకి తోసి,
కుడి కొమ్ము ఒకటి తీసి నిప్పు మీద పెట్టాడు.