బేలు మీద చీటీ

టంగుటూరు వేలం కేంద్రానికి ఎదురుగా
మంచం పట్టనంత కొట్లో నాది డీటీపీ బతుకు.
శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు,
పురుగుమందుల కొట్టు బిల్లు పుస్తకాలు.
పాత ఫాంటుల్లో కొట్టిన తెలుగు
కొత్త కంప్యూటర్లో తెరిస్తే
కోళ్ళు కెలికిన ముగ్గయిపోతోందని
చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకున్నా.
చచ్చిన ఫాంటులోంచి అక్షరాన్ని లేపి
యూనికోడ్‌లో కూర్చోబెడుతుంది.

రెండేళ్ళు నా ఒక్కడికే పని చేసింది.
తర్వాత ఎందుకో, ఊరికే ఇద్దామనిపించింది.
ఎవరైనా తెచ్చుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు,
బాగోకపోతే బాగుచేసుకోవచ్చు.
ఓ లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌కి
ప్యాకేజీ కట్టి పంపా.

కోడ్‌కి మూడు నెలలు పట్టింది.
వివరణకి మూడు నిమిషాలు:
"అత్యంత శక్తివంతమైన, అతి సులభమైన,
అద్భుతమైన తెలుగు సాధనం!"
శుభలేఖలు కొట్టిన చెయ్యి కదా,
ఆశ్చర్యార్థకం దానంతటదే పడింది.

తిప్పి పంపింది జోవిత అనే ఒకామె.
ఏ దేశమో నేనడగలేదు.
"కోడ్ బాగుంది. ఇది ఏం చేస్తుందో మాత్రం తెలియలేదు."
బిడియపడి మళ్ళీ రాశా:
"ఫాంటులకు సంబంధించిన ఉపకరణం."
"సంబంధించిన అంటే?
తయారు చేస్తుందా, చూపిస్తుందా, చెరిపేస్తుందా?"
మూడోసారి రోషమొచ్చి
లోపలి పట్టికలూ లైబ్రరీలూ అన్నీ ఏకరువు పెట్టా,
కూర ఏందని అడిగితే
పొయ్యి సంగతి చెప్పినట్టు.

ఆ వారమే వేలం కేంద్రంలో ప్రింటర్ మొరాయించిందంటే పోయా.
పొగాకు ఘాటు. కళ్ళెంట నీళ్ళు.
బేళ్ళ వరసల మధ్య కొనేవాళ్ళు నడుస్తూనే ఉన్నారు.
ఒక్కో బేలు దగ్గర ఆగేది
ఒక దగ్గు వచ్చి పోయేంతసేపు.
చీటీ చూస్తారు, ఆకు నలిపి చూస్తారు, కదుల్తారు.
రైతు నంబరు, బరువు, గ్రేడు.
"బంగారంలాంటి ఆకు" అని
ఏ చీటీ మీదా లేదు.

ఆలకూరపాడు నుంచి బేళ్ళతోపాటు వచ్చిన పేరమ్మక్క,
ముప్పై సీజన్లు ఆకు వేరుచేసిన మనిషి,
నా గోడు వినీ విననట్టు విని అంది:
"పొగడబాకు జాలయ్యా.
పచ్చుంటే పచ్చుందని రాయి.
పైన నాలుగు మంచాకులు పరిచి
లోపల మాడినయ్యి కుక్కినోడి బేలు
ఒకసారికి పోద్ది.
మర్నాటి నుంచి ఆ నంబరు చూస్తేనే నో బిడ్."

రాత్రి షట్టరు సగం దించి కూర్చున్నా.
ఎవరి కోసం రాస్తున్నానో
అప్పటిదాకా అనుకోనే లేదు.
పొదిలిలోనో కనిగిరిలోనో
ఏదో సహకార సంఘం గుమస్తా,
పదేళ్ళనాటి తీర్మానాలు తెరిచి
తెరనిండా తల తెగిన అక్షరాలు చూసి
పదకొండింటికి వెతుకుతుంటుంది.
ఆమెకి నా పేరు తెలీదు,
నా ప్రోగ్రాం పేరూ తెలీదు.
తన బాధ పేరు తెలుసు.
అది నా మొదటి వాక్యంలో లేకపోతే
నేను లేనట్టే.

"పాత డీటీపీ ఫాంటుల్లోని తెలుగు ఫైళ్ళను
యూనికోడ్‌లోకి మారుస్తుంది."

వేలు 'అద్భుతంగా' కోసం తడుముకుంది.
కొట్టేశా.
తెలిసిన ఫాంటులు ఆరు, పేర్లు ఇవీ అని రాశా.
ఫోల్డరంతా ఒకేసారి మార్చగలదు,
అసలు ఫైలుని ముట్టుకోదు.
స్కాన్ చేసిన కాగితాలు చదవలేదు,
దానికి వేరే ప్యాకేజీలున్నాయి.
టీ చల్లారిపోయింది.
చివరికి పచ్చాకు కూడా తీసి పైన పెట్టా:
"క్రావడి ఒక్కోసారి పక్క అక్షరం కిందికి పోతుంది.
సరిచూసుకోండి."

జోవిత జవాబులో మెచ్చుకోలు లేదు.
"చేర్చాం" అని ఒక్క మాట.
ఆ మాట ఏం చేస్తుందో
చదవగానే తెలిసింది నాకు.

పొద్దున్నే పెళ్ళిపత్రిక కోసం వచ్చినాయన
పెళ్ళికొడుకు పేరు ముందు
ఇంకో రెండు బిరుదులు వెయ్యమన్నాడు.
వేశా.
అది వేరే గ్రేడు.