నాలుగో ప్లేటు

గేటు బజారులో నరసింగ సాహు
పాత ఇనుముతో పాటు కాటా వేసి అమ్మాడు నాకా పెట్టెని.
కిలో తొమ్మిది రూపాయల లెక్కన
ఒక తోడి రాగం.

మెరూన్ గుడ్డ అట్ట. మూలలు ఎలకలు తిన్నాయి.
ఆరు అరలు, ఐదు రికార్డులు.
మూత లోపల ఒడియాలో పెన్సిల్ రాత,
కూడబలుక్కుని చదివాను:
"రెండో ప్లేటు. ఇక్కడ సూది ఎగురుతుంది. మెల్లగా."
పేరు లేదు.
ఆ మనిషి పదేపదే విన్న చోట మాత్రం
నలుపు తెల్లబడి ఉంది, గడప అరిగినట్టు.

లేనిది నాలుగోది. తానం.
పదకొండేళ్ళు
ఆలాపన చివరి నుంచి పల్లవిలోకి దూకాను,
మెట్టు ఊడిన మేడ ఎక్కి ఎక్కి
కాలికి అలవాటైనవాడిలా.
దానికోసం కటకం పోయాను, విశాఖ పోయాను,
అది తప్ప అన్నీ తెచ్చాను, షెహనాయి పెట్టెలు, పియానో పెట్టెలు.
మంచం కిందికి చీపురు పోవడం మానేసింది.

చివరికి రెండు సందుల అవతల
దాలమ్మ అప్పడాలు ఆరబెట్టే డాబా మీద
ఆవకాయ జాడీకి మూతై కనబడింది.
నడిమి బెజ్జంలో చింతపిక్క బిగించి ఉంది.

"సరీగ్గా పట్టింది బాబూ, ఇలాటి మూత మరి దొరకదు."
స్టీలు పళ్ళెం ఇచ్చాను. రెండొందలూ ఇచ్చాను.
పళ్ళేన్ని వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని
ఆవిడ కాసేపు విన్నది.

కుంకుడు రసంతో మూడుసార్లు కడిగాను.
గాజు పలకల మధ్య పెట్టి పైన రుబ్బురోలు పొత్రం ఎత్తాను.
వంగిన అంచు వంగినట్టే ఉంది.
సూది దాని మీద నాటుపడవలా లేచి, దిగి
ముందు పోపులో ఆవాలు,
తర్వాత వీణ.
గదంతా నూనె వాసన.
చుట్టు చుట్టుకీ స్వరం ఒకచోట జారుతుంది.
విద్వాంసుడు వేయని గమకం
ఎండ వేసింది.

నేను లోలోపల వాయించుకున్న తానం ఇది కాదు.
నాది పరుగు.
ఇది బస్తా మోసే మనిషిలా
ఆగి, భుజం మార్చుకుని, మళ్ళీ నడిచింది.
ఏది మేలో చెప్పను.

ఆరూ సర్దితే ఆ వంపుకి
పెట్టె మూత పడడం లేదు. నాడా కట్టాను.

నిన్న వీధిలోంచి దాలమ్మ కేకేసింది:
"నీ పాట బాగుందేటి?
నా ఊరగాయ బూజట్టీసింది."