ఆదెమ్మ నీళ్ళు చల్లింది

వేసవిలో రామతీర్థం గుంటలోకి దిగితే
రాయి ముందు పలకరించేది అరికాళ్ళని.
నేను కొలతల గుమాస్తాని.
టేపు, తెల్ల పెయింటు డబ్బా, చెవి మీద పెన్సిలు.
పొడవు, వెడల్పు, ఎత్తు,
గీత పడితే గీతకి తరుగు.
బ్లాకు నుదుటి మీద నంబరు రాసి పంపిస్తా.
ఆ పైన అది ఏ దేశపు గడపో
నా పుస్తకంలో ఉండదు.

ఏటా మార్చిలో లిన్ గారొస్తారు, గ్వాంగ్జౌ నుంచి.
బూట్లకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని
సంతలో గిత్తని చూసినట్టు
పక్కలు తడిమి, వెనక్కి జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి,
అప్పుడు ఆదెమ్మని పిలుస్తారు.
ఆదెమ్మ బిందె వంచుతుంది.
పొడి కొట్టుకుపోయి
నలుపు లోపల్నించి బంగారు నలుసులు లేస్తాయి,
కంసాలి ఊడ్వడం మరిచిన రజనులా.
ఇది, ఇది, అది వద్దు.
తడి ఆరేలోపు బేరం తెగాలి.
ఆరితే ఏ రాయైనా రాయే.

ఆయన తొలిసారి వచ్చినప్పుడు
వాళ్ళ విమానాశ్రయానికి రెండు రన్‌వేలు,
మా గుంటకి నాలుగు మెట్లు.
వాళ్ళు మూడోది వేసిన ఏడు
మేం ఏడో మెట్టు దిగాం,
పెద మస్తాను క్రేనుకి కొత్త తాడు తగిలించాం.
కరోనా అప్పుడు ఆయన రాలేదు.
గుంటలో వాన నిలిచి చేపలు పుట్టాయి,
ఎవరు వేశారో ఇప్పటికీ తెలీదు.
ఇప్పుడక్కడ అయిదు రన్‌వేలట, మూడో టెర్మినలట.
మాకు పన్నెండు మెట్లు.
అడుగున నిలబడి చూస్తే
పైనున్న లారీ అగ్గిపెట్టె.

మాకూ ఒకటి వస్తుందంటారు, కొత్తపట్నం వైపు.
పేపర్లో పడ్డప్పుడల్లా
మస్తాను క్రేను మీంచి అటు చూసి
"ఇంకా రాలా" అని కిందికి కేకేస్తాడు.

దుబాసీ కుర్రాడు మద్రాసువాడు.
ఆ విమానాశ్రయం పేరుకి అర్థం
తెల్లమబ్బు అని చెప్పాడు.
ఆదెమ్మ నవ్వింది.
"ఆ మబ్బు మాకూ ఉందిగా"
పాలిషు ఫ్యాక్టరీల వైపు చెయ్యి చూపింది.
దాని కింద వాళ్ళాయన ఇరవయ్యేళ్ళు రాయి కోశాడు.
ఇప్పుడు పంపు దాకా నడిచి
సగం దారిలో కూర్చుంటాడు.
ఆ మాట కుర్రాడు చైనాలోకి తిప్పలేదు.

లిన్ గారు ఫోను తీసి చూపించారు.
అంత పెద్ద హాలు, దూలమే కనపడని కప్పు,
ఒక నడవ పొడుగునా నల్లటి నేల.
ఇది మీ రాయే కావచ్చు, అన్నారు.
నేను వేళ్ళతో పెద్దది చేసి
నంబరు కోసం వెతికాను.
నంబరు మొదటి కోతలోనే పోతుందని
తెలియక కాదు.

"అక్కడ నీళ్ళెవరు చల్లుతారు?" ఆదెమ్మ అడిగింది.
"అక్కర్లేదు. మెరుపు అట్టాగే ఉండిపోద్ది."
"కిందికి ఎవురన్నా చూస్తారా?"
ఈసారి కుర్రాడు తిప్పాడు.
లిన్ గారు ముక్కుగుడ్డ కిందికి లాగి ఆలోచించారు.
చూడరు, అందరూ పైన బోర్డులే చూస్తారు,
తుడిచే ఆవిడ చూస్తుంది, అన్నారు.
ఆదెమ్మ బిందె చంక మార్చుకుంది.
"ఆమె పేరేందో" అంది.
ఆయనకి తెలియలేదు.

ఆ రాత్రి ఎనిమిది ట్రైలర్లు
కృష్ణపట్నం దారి పట్టాయి.
ఒక్కో బ్లాకుకి ఒక్కో బండి,
టంగుటూరు టోలు దగ్గర బారులు తీరి.

వద్దన్న బ్లాకులోంచి ఒక చెక్క,
తెల్లగీత పడ్డది,
మేనేజరుని అడిగి ఆదెమ్మ ఇంటికి తెచ్చుకుంది.
ఆదివారం అటు పోతే
దాని మీద దుప్పటి ఉతుకుతోంది.
నురగ జారినచోట నలుసులు లేచి,
మళ్ళీ నురగ.
అలవాటుకొద్దీ టేపు తీశాను.
"ఏం, దీనిక్కూడా నంబరేస్తావా?"
అని చెంబుడు నీళ్ళు
నా కాళ్ళ మీద పోసింది.